జ్వాలాపురం బూడిద నుంచి తోబా సరస్సు దాకా

సోమవారం, జ్వాలాపురం

నంద్యాలలో చీకటితోనే బయలుదేరి, బనగానపల్లె మీదుగా జుర్రేరు లోయలోని జ్వాలాపురం చేరేసరికి ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు. చుట్టూ సున్నపురాయి, షేల్, క్వార్ట్‌జైట్ కొండలు, వాటి నడుమ చేలు, చేల మధ్య అక్కడక్కడ పారతో నిలువునా చెక్కి వదిలేసిన తెల్లని గుంటలు. ఆ తెలుపు సుద్ద కాదు, సున్నమూ కాదు. సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట వెళ్లగక్కిన బూడిద అది. తోబాకూ ఈ చేనుకూ మధ్య దూరం 2,600 కిలోమీటర్లకు పైమాటే. గిన్నెలు తోమే పొడి తయారీ కోసం ఈ బూడిదను తవ్వి తరలిస్తూ వచ్చారు. తవ్వకం సాగినకొద్దీ ఆధారం తరిగిపోతుందన్నది నిజమే గాని, ఆ గుంటలే లేకపోతే నేల కింది పొరలు ఇంత తేటగా కంటికి కనిపించేవీ కావు.

ఒక అగ్నిపర్వతం ఎన్నిసార్లు పేలిందో, ఏ వరుసలో పేలిందో, ఎంత విరామంతో పేలిందో రాతి పొరలను బట్టి ఎలా తేలుస్తారన్నది చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన మిత్రుడు తోడు వస్తానన్నాడు. అయితే ముందు బిలం దగ్గరికి కాదు, బూడిద పడిన చోటికి పోవాలన్నది అతని షరతు. దాని అర్థం నాకు సుమత్రాలో గాని బోధపడలేదు.

గుంట గోడ ముందు కూర్చుని కింది నుంచి పైకి చూశాము. అడుగున గోధుమరంగు బంకమట్టి ఉంది. దాని మీద గీత గీసినట్లు ఒక్కసారిగా తెలుపు మొదలవుతుంది. ఆ తెలుపులో అడుగున ఉన్న నాలుగైదు సెంటీమీటర్లు మాత్రం తక్కిన దానిలా లేదు. చారలు లేవు, మట్టి కలవలేదు, మైదాలాంటి మెత్తని పొడి ఒకే తీరుగా ఉంది. గాలిలోంచి నేరుగా రాలిన బూడిద అదేనని, ఆనాడు ఇక్కడ లోతులేని నీటి మడుగు ఉండటం వల్లే అది చెదరకుండా నిలిచిందని మిత్రుడు చెప్పాడు. దాని పైన రెండు మీటర్లకు పైగా ఉన్న మందమంతా ఆ తర్వాతి వానలకు కొండవాలుల మీది నుంచి కొట్టుకొచ్చి మడుగులో పేరుకున్నది. అందుకే పైకి పోయేకొద్దీ సన్నని చారలు, నీటి అలల ఆనవాళ్లు, మట్టి జీరలు, వేళ్లు దిగిన గొట్టాల గుర్తులు కనిపిస్తాయి. మొత్తం మందాన్ని కొలిచి, ఆకాశం నుంచి రెండు మీటర్ల బూడిద కురిసిందని లెక్క కడితే విస్ఫోటం లెక్కంతా తారుమారవుతుంది. ఏది రాలినది, ఏది కొట్టుకొచ్చినది అన్న తేడా తేల్చడంతోనే ఈ విద్య మొదలవుతుంది.

గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన ఒకరు మా వాలకం చూసి ఆగారు. సంగతి చెబితే కొంచెంసేపు ఆలోచించి, “అయితే ఇది యా కొండది సార్? మన పక్క నిప్పులు గక్కిన కొండ లేదే?” అన్నారు. సముద్రం అవతలిది తాతా అంటే ఆయన నమ్మినట్లు లేదు. నిజానికి ఆయన అడిగిన ప్రశ్ననే, ఈ బూడిద ఏ కొండది, ఏ పేలుడుది అన్న ప్రశ్ననే, శాస్త్రజ్ఞులు కూడా చాలా ఏళ్లు పట్టించుకుని తేల్చవలసి వచ్చింది.

మంగళవారం, అదే లోయ

ఈ రోజంతా బూడిదకు కిందా పైనా ఉన్న మట్టి మీదే గడిచింది. ఇక్కడి తవ్వకాలను పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్ బృందం జరిపి, 2007లో ఫలితాలు ప్రకటించింది. బూడిద కింది మట్టిలో మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి, పైన కూడా దొరికాయి, రెండూ చాలావరకు ఒకే తరహావి. తోబా విస్ఫోటం తర్వాత ఏళ్ల తరబడి చలి కమ్మి మానవజాతి దాదాపు అంతరించే దాకా వచ్చిందన్న వాదం అప్పటికి బలంగా ఉంది. ఈ లోయలోని మనుషులు మాత్రం ఆ విపత్తును తట్టుకుని నిలిచినట్లు పొరలు చెబుతున్నాయన్నది ఆ బృందం మాట. దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. మధ్యభారతంలో బూడిదకు కిందా పైనా ఉన్న నేలల్లోని కార్బన్‌ను పరీక్షించినవారు, విస్ఫోటం తర్వాత అడవి పలచబడి గడ్డి పెరిగిందని చూపారు. నా మట్టుకు ఈ రెండూ ఒకదానినొకటి కొట్టివేసేవిగా తోచవు. అడవి తగ్గినంత మాత్రాన మనిషి చచ్చిపోవాలని లేదు గదా.

మట్టి వయస్సు కట్టే తీరు ముచ్చటగా ఉంటుంది. ఇసుక రేణువు చీకట్లో పూడి ఉన్నంతకాలం చుట్టుపక్కల మట్టిలోని రేడియోధార్మికత వల్ల దానిలో శక్తి కొద్దికొద్దిగా కూడుతుంది. ఎండ తగిలితే ఆ నిల్వ ఖాళీ అవుతుంది. కనుక చీకట్లోనే నమూనా తీసి, ప్రయోగశాలలో కాంతి తగిలించి, ఎంత వెలుగు వస్తుందో కొలిస్తే ఆ రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో తెలుస్తుంది. జ్వాలాపురంలో బూడిదకు దిగువ మట్టికి 77,000 ఏళ్లు, ఎగువ మట్టికి 74,000 ఏళ్లు వచ్చాయి. రెండింటిలోనూ ఆరేడు వేల ఏళ్ల అటూఇటూ ఉంది.

ఇంత అటూఇటూ ఉన్నా, ఇక్కడి బూడిద చివరి పేలుడుదేనని ఈ లెక్క చెబుతుంది, కాని అన్నిచోట్లా ఇంత తేలిక కాదు. తోబా పేలింది ఒక్కసారి కాదు. దాదాపు 12 లక్షల ఏళ్ల కిందట ఒకసారి, 8 లక్షల ఏళ్లకు అటూఇటూగా ఒకసారి, 5 లక్షల ఏళ్ల కిందట మరొకసారి, చివరికి 74,000 ఏళ్ల కిందట అన్నిటికన్నా పెద్దదిగా ఒకసారి పేలింది. భారతదేశంలో నదీలోయల బూడిద కొన్నిచోట్ల చివరిదా, 8 లక్షల ఏళ్ల నాటిదా అని పెద్ద వాదమే నడిచింది. ఆ రెండు బూడిదల్లోని గాజు రేణువుల రసాయన కూర్పు ఇంచుమించు ఒక్కటే కావడం దానికి కారణం.

సాయంత్రం బసకు వచ్చాక, చిటికెడు బూడిద నీళ్లలో కడిగి భూతద్దం కింద పెట్టాడు మిత్రుడు. బూడిద అని పిలవడమే గాని ఇది కాలిన దేనికీ మిగులు కాదు, చూర్ణమైన గాజు. శిలాద్రవంలో వాయువుల బుడగలు ఉబ్బి పగిలినప్పుడు వాటి గోడల ముక్కలివి. కొన్ని వంపు తిరిగిన రేకులు, కొన్ని మూడు బుడగలు కలిసే మూల దగ్గర విరిగిన మూడు కొమ్ముల ముక్కలు. వాటి మధ్య నల్లగా మెరిసే పలుచని రేకులు రెండు మూడు కనిపించాయి. చిన్నప్పుడు మేము కాకిబంగారం అని ఏరుకున్న అభ్రకమే, నల్లరకం. వాదం తీర్చింది ఈ రేకులే. 2011లో వెలువడిన ఒక అధ్యయనం, ఈ నల్ల అభ్రకంలో ఇనుముకూ మెగ్నీషియానికీ ఉన్న నిష్పత్తి తోబా విస్ఫోటాల్లో వేరువేరుగా ఉందని, దాన్ని బట్టి ఏ బూడిద ఏ పేలుడుదో చెప్పవచ్చని చూపింది. బల్లపరుపుగా ఉండటం వల్ల ఈ రేకులు గాలిలో తేలి ఇంత దూరం వచ్చాయి. గుండ్రని గింజలైతే సముద్రం దాటేవి కావు.

బుధ, గురువారాలు, ప్రయాణం

హైదరాబాద్, కౌలాలంపూర్, మేడాన్. విమానాల్లో కూర్చోవడం గురించి రాయడానికేమీ లేదు. కాని కిటికీలోంచి కనిపించిన బంగాళాఖాతం అడుగున మా కథలో ముఖ్యమైన భాగం ఉంది. నేల మీద పడిన బూడిదను వాన కడిగేస్తుంది, గాలి ఎత్తుకుపోతుంది, మనిషి తవ్వుకుపోతాడు. సముద్రపు లోతుల్లో ఆ బాధలు లేవు. ఏటేటా దిగే మెత్తని బురద మధ్య బూడిద చెదరకుండా, వరుస తప్పకుండా ఉంటుంది. హిందూమహాసముద్రంలో తొంభై డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట సాగే సముద్రగర్భ పర్వతశ్రేణి మీద, పరిశోధన కోసం తవ్విన 758వ నంబరు బావిలో తీసిన బురద స్తంభంలో తోబా బూడిద పొరలు ఒకదానిపై ఒకటి దొరికాయి. భూమి అయస్కాంత క్షేత్రం ఇప్పటిలా ఉత్తరానికి మళ్లింది 7.8 లక్షల ఏళ్ల కిందట. ఆ మలుపు గుర్తు కూడా అదే బురదలో ఉంది. తోబా విస్ఫోటాల్లో రెండోదాని బూడిద ఆ గుర్తుకు కింద ఉంది. కనుక అది అంతకన్నా పాతదని ఇంకే కొలతా లేకుండానే చెప్పవచ్చు.

ఆఖరి విస్ఫోటపు బూడిద పడమరన భారతదేశం, అరేబియా సముద్రం మీదా, తూర్పున దక్షిణ చైనా సముద్రం మీదా కూడా పడింది. రెండు ఎదురు దిక్కులకు ఒకేసారి పోవాలంటే కింది గాలులు ఒకవైపు, పైగాలులు మరోవైపు వీచాలి. మన నైరుతి రుతుపవన కాలంలో సరిగ్గా అలాగే వీస్తాయి. దాన్ని బట్టి తోబా పేలింది వానాకాలంలోనని కొందరి అంచనా. ఏడాది తెలియకపోయినా రుతువు తెలియడం నాకు వింతగా తోచింది. తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సు అడుగున, దక్షిణాఫ్రికా తీరంలోని పినకిల్ పాయింట్ గుహల దగ్గర కూడా కంటికి కనిపించనంత సన్నని ఈ గాజు రేణువులను పట్టుకున్నారు.

శుక్రవారం, తోంగింగ్

మేడాన్ నుంచి బెరస్తగీ ఘాట్ ఎక్కాక ఎడమో కుడో ఒక కొండ పొగమబ్బులో కనిపిస్తూనే ఉంటుంది. అది సినబుంగ్. కొన్ని శతాబ్దాలు నిద్రపోయి 2010లో లేచింది, 2013 నుంచి ఏళ్ల తరబడి ఊళ్లు ఖాళీ చేయించింది, ప్రాణాలు తీసింది. మా డ్రైవరు దాన్ని చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. తోబా గురించి అడిగితే మాత్రం అది సరస్సు, అగ్నిపర్వతం కాదన్నట్లు నవ్వాడు. అతన్ని తప్పు పట్టలేము. శాస్త్రజ్ఞులకు కూడా ఆ సంగతి తేటపడింది ఇరవయ్యో శతాబ్దంలోనే. సరస్సు చుట్టూ ఉన్నది ఒకే రకం నిప్పుప్రవాహపు రాయి (వేడి బూడిద, నురగరాళ్లు నేల వెంట పారి గట్టిపడినది) అని, సరస్సే బిలమని డచ్ భూగర్భ శాస్త్రవేత్త వాన్ బెమ్మెలెన్ 1949లో రాశాడు.

తోంగింగ్ దగ్గర పీఠభూమి అంచున నిలబడితే సిపిసో-పిసో జలపాతం 120 మీటర్లు నిట్టనిలువునా దూకుతుంది. దాని అవతల సరస్సు. పొడవు 100 కిలోమీటర్లు, వెడల్పు 30, లోతు 500 మీటర్లకు పైన. శిఖరం అంటూ ఏదీ లేదు. కింద శిలాద్రవం ఖాళీ అయ్యేసరికి పైకప్పు కూలిపోయి మిగిలిన గుంట ఇది. బయటపడిన శిలాద్రవం 2,800 ఘన కిలోమీటర్లని ఒక అంచనా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపి ఆ రాతితో సమంగా పరిస్తే పది మీటర్ల మందం వస్తుంది.

జ్వాలాపురంలో నాలుగైదు సెంటీమీటర్లున్న పొర ఇక్కడ వందల మీటర్లు. ఒక రోడ్డు కోత దగ్గర కారు ఆపించి చూశాము. బూడిద అన్న మాట నోటికి రాదు, గట్టి రాయి. క్వార్ట్జ్ గింజలు కళ్లకు కనిపించేంత పెద్దవి, నల్ల అభ్రకం రేకులు గోటితో లేవదీయగలిగినంత పెద్దవి. నురగరాళ్లు మాత్రం గుండ్రంగా లేవు, నొక్కినట్లు అడ్డంగా సాగి ఉన్నాయి. వేడి ఇంకా ఆరని గుట్ట తన బరువుకు తానే అణిగినప్పుడు మెత్తగా ఉన్న గాజు కరుచుకుపోయి ఇలా రాయి అవుతుంది. అణిగిన తీరును బట్టి ఆ గుట్ట ఎంత వేడిగా, ఎంత మందంగా పడిందో చెప్పవచ్చు.

ఇక్కడి రాయీ అక్కడి బూడిదా ఒకే పేలుడువైనప్పుడు ఇంత తేడా ఎందుకంటే, ముగ్గుపిండి బస్తాను లారీ మీది నుంచి నేలకు పడేసినట్లే ఇదీ. బరువున్న పిండి నేల వెంట పరుచుకుంటుంది, సన్నని ధూళి దాని పైన లేచి గాలికి పోతుంది. తోబాలో బరువైన నిప్పుప్రవాహం ఇరవై, ముప్ఫై వేల చదరపు కిలోమీటర్లను కప్పింది. దాని పైన లేచిన ధూళి మేఘమే మన దాకా వచ్చింది.

శనివారం, హరంగ్గావోల్

సరస్సు ఉత్తరపు ఒడ్డున చేపల పెంపకపు వలలతో నిండిన చిన్న ఊరు హరంగ్గావోల్. దాని వెనక బిలపు గోడ. ఒకే గోడలో ఒకటికి మించిన విస్ఫోటాలు ఒకదానిపై ఒకటి కనిపించే తావు కనుక ఇక్కడికే ఎక్కువ ఆశతో వచ్చాను. అడుగున 12 లక్షల ఏళ్ల నాటి డేసైట్ అనే అగ్నిపర్వత రాయి, దానిపై 5 లక్షల ఏళ్ల నాటిది, అన్నిటికీ పైన 74,000 ఏళ్ల నాటిది.

లెక్క చూసుకుంటే 8 లక్షల ఏళ్ల నాటిది ఇక్కడ లేదు. ఆ రాయి దక్షిణాన, పొర్సియా వైపు ఉంది. 5 లక్షల ఏళ్ల నాటిది అక్కడ లేదు. భూగర్భ శాస్త్రవేత్తలు క్రెయిగ్ చెస్నర్, విలియం రోజ్ 1991లో ఈ పొరలను వరుస పెట్టినప్పుడు తేలింది ఇదే: పేలుళ్లు ఒకసారి ఉత్తరాన, ఒకసారి దక్షిణాన, మళ్లీ ఉత్తరాన జరిగాయి, ఆఖరిది మాత్రం మొత్తం నేలను కూల్చింది. ఆ కూలడంలో పాత బిలాల గోడలు చాలావరకు లోపలికి పోయాయి. మిగిలినవి అంచుల్లో ముక్కలుగా ఉన్నాయి. ఏ ఒక్క గోడలోనూ వరుస పూర్తిగా లేదు.

మిత్రుడు ముందు జ్వాలాపురం చూపించడంలోని ఆంతర్యం ఇక్కడ అర్థమైంది. అగ్నిపర్వతం పెద్దగా పేలినకొద్దీ తన పాత చరిత్రను తానే చెరిపేసుకుంటుంది. బిలం దగ్గర రాయి పుష్కలం, వరుస కరువు. దూరాన సముద్రపు బురదలో పొర పలుచనే గాని వరుస చెదరదు. వరుసకు అక్కడి పొరలను, పేలిన తావుకూ వేడికీ పరిమాణానికీ ఇక్కడి గోడలను నమ్ముకోవాలి. ఆ రెండింటినీ ముడివేయడానికి నల్ల అభ్రకం వంటి సాక్షి ఒకటి కావాలి.

ఆదివారం, పరపాత్, పొర్సియా

దక్షిణాన తప్పిపోయిన ఆ రాయిని చూద్దామని పొర్సియా దిక్కు వెళ్లాము. సరస్సు నీరు బయటకు పోయే ఒకే దారి అసహాన్ నది. అది ఈ రాయిని కోసుకుంటూ లోతైన ఇరుకులోయలో దిగుతుంది, ఆ దిగుడు మీద జలవిద్యుత్ కేంద్రాలు కట్టుకున్నారు. పైపైన చూస్తే ఈ పాత రాయికీ కొత్త రాయికీ తేడా పట్టడం కష్టం. తేడా దాని అయస్కాంతత్వంలో ఉంది. వేడి రాయి చల్లారేటప్పుడు అప్పటి భూమి అయస్కాంత దిక్కును తనలో పట్టి ఉంచుకుంటుంది, ఈ రాయిలో ఆ దిక్కు తలకిందులుగా ఉంది. 758వ బావి బురదలో బూడిద మలుపుకు కింద ఉందని చెప్పిన సాక్ష్యమూ ఇదీ ఒక్కటే మాట చెబుతున్నాయి. మధ్యలో వేల కిలోమీటర్ల సముద్రం ఉన్నా రెండు సాక్ష్యాలు కలవడం చూస్తే, చిన్న విషయమే అయినా, ఒళ్లు జలదరించింది.

ఆఖరి విస్ఫోటం వయస్సును బిగించినది మరో గడియారం. సానిడీన్ అనే ఫెల్డ్‌స్పార్ ఖనిజపు గింజలోని పొటాషియంలో కొంత భాగం కాలక్రమేణా ఆర్గాన్ వాయువుగా మారుతుంది. శిలాద్రవంలో వేడికి ఆ వాయువు పోతుంది, గింజ బయటపడి చల్లారాక పోగుపడటం మొదలవుతుంది. మలేషియాలోని లెంగ్గాంగ్ లోయలో పడిన తోబా బూడిద నుంచి తీసిన గింజలను ఈ పద్ధతిలో కొలిచి, 2012లో 73,880 ఏళ్లని ప్రకటించారు. తేడా 320 ఏళ్లే. ఈ గడియారం కూడా బిలం దగ్గర దొరకలేదు చూశారా.

సాయంత్రం పరపాత్ నుంచి పడవలో సమోసిర్ దీవికి దాటి, తుక్ తుక్‌లో దిగాము. నీటిలోకి పొడుచుకొచ్చిన తుక్ తుక్ కొమ్ము కూడా విస్ఫోటం తర్వాత చిక్కని లావా మెల్లగా పొంగి గడ్డకట్టిన గుబ్బే.

సోమవారం, సమోసిర్

దీవి తూర్పు అంచు నిట్టనిలువు కొండచరియ, పడమటి వైపు చల్లగా వాలుతుంది. దారి పైకి ఎక్కినకొద్దీ కోతల్లో రాయి మారిపోయింది. గట్టి నిప్పురాయి మీద లేత రంగు మెత్తని పొరలు, వేలు మందాన ఒకటి, కాగితం మందాన ఒకటి వచ్చాయి. చిన్న తునక తీసి వేళ్లతో నలిపితే ముఖానికి రాసే పౌడరులా జారింది. నీటిలో బతికే డయాటమ్ అనే సూక్ష్మ శైవలాల గాజు పెంకులు అందులో నిండి ఉంటాయట. అంటే ఇది సరస్సు అడుగు బురద. నీటి మట్టానికి వందల మీటర్ల ఎత్తున, కొండ మీద, సరస్సు అడుగు.

నీరు ఇంత ఎత్తుకు ఎక్కలేదు, అడుగే పైకి లేచింది. పేలుడు తర్వాత కింద మిగిలిన శిలాద్రవం కూలిన పైకప్పును మళ్లీ పైకి నెట్టింది. సమోసిర్ దీవి అలా లేచిన పైకప్పే. మిత్రుడు వాలు కొలిచే పరికరం ఒక పొర మీద ఆనించాడు. నీటి అడుగున సమతలంగా పేరుకున్న పొర ఇప్పుడు పడమటికి ఒరిగి ఉంది. తూర్పు అంచు ఎక్కువగా లేచిందని, అక్కడి నిలువు చరియ అలా విరిగిన అంచేనని ఆ చిన్న వాలు చెబుతుంది. ఈ బురదలోని సేంద్రియ పదార్థం వయస్సు ఏ ఎత్తులో ఎంతో కొలిచి, దీవి ఏ వేగంతో లేచిందో లెక్క కట్టారు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పొర ఇది. అన్నీ పేలుడు సంగతి చెబితే, ఇదొక్కటి ఆ తర్వాతి సంగతి చెప్పింది.

మంగళవారం, పంగురురాన్

దీవి పడమటి కొసకు ఎదురుగా, సన్నని కాలువకు అవతల పుసుక్ బుహిత్ కొండ. ఇక్కడి బతక్ ప్రజల తొలి పూర్వీకుడు దిగిన చోటు ఇదేనని వారి నమ్మకం. భూగర్భ శాస్త్రం దృష్టిలో బిలం కూలిన తర్వాత లేచిన అగ్నిపర్వతాల్లో ఇదొకటి. దాని పాదాన గంధకం వాసనతో వేడినీటి ఊటలు, వాటి పక్కన తెల్లగా పాలిపోయిన రాళ్లు ఉన్నాయి. 2020లో యునెస్కో తోబాను ప్రపంచ జియోపార్కుల్లో చేర్చింది. ఊటల దగ్గర స్నానానికి వచ్చిన కుటుంబాలతో సందడిగా ఉంది.

తిరుగు దారిలో మిత్రుడు ఇంకొక కోత దగ్గర ఆపమన్నాడు. అతనికి ఒక పంతం ఉంది. ఇంత పెద్ద విస్ఫోటాలు చాలావరకు ముందు ఆకాశంలోకి ఎత్తైన స్తంభంలా లేచి, నురగరాళ్లను వానలా కురిపించి, ఆ తర్వాతే నిప్పుప్రవాహంగా కూలుతాయి. ఆ వాన పొర నిప్పురాయికి అడుగున ఉండాలి. తోబాలో దాన్ని ఇంతవరకు ఎవరూ చూపలేకపోయారు. బహుశా పైకప్పు మొదటి క్షణం నుంచే కూలడం మొదలై, స్తంభం లేచే వ్యవధే లేకపోయి ఉండాలని కొందరంటారు. కోత అడుగున పాత నేల ఎర్రగా ఉంది, వేళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. దాని మీద నేరుగా తెల్లని నిప్పురాయి మొదలైంది. అతను మోకాళ్ల మీద కూర్చుని ఆ గీత వెంట చిన్న సుత్తితో రెండు బారల దూరం గీకుతూ పోయాడు. నురగరాళ్ల పొర ఎక్కడా తగల్లేదు. “ఇక్కడా లేదు” అని నోటుపుస్తకంలో రాసుకుని కారెక్కాడు.